ముగించని లెక్క

లోపలికి దిగిన 43వ ఏడు, వైశాఖం 3

ఈరోజు పనులు: నీళ్ళు పట్టడం 1. గోడ చెమ్మ గుడ్డతో ఒత్తి పిండడం 2 (వచ్చినది లీటరున్నర). జొన్నరొట్టెలు 14. పుట్టగొడుగుల పళ్ళాలు కడగడం 6. వరద కాళ్ళకు నూనె రాయడం 1. కాన్పు గదికి వెళ్ళి గొడవపడటం 1. ఆరు గంటల లెక్క 1.

ఈ పుస్తకం మా తర్వాత ఈ ఇంటికి వచ్చేవాళ్ళ చేతికి పోతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మేమంతా దిగిన ఈ నాపరాతి గనిలో మా ఇల్లు నాలుగో వరుసలో పదకొండోది. నేను ఓబులమ్మను. నాకు యాభై రెండేళ్ళు. వరద నా చెల్లెలి కూతురు, ఇప్పుడు ఎనిమిదో నెల. దాని మొగుడు సుంకన్నకు పైన ఎండలో కరెంటు పలకలు తుడిచే పని. పదిరోజులకోసారి ఇంటికి దిగుతాడు.

కాన్పు గదిలో డాక్టర్ శశిరేఖ మర్యాదగానే మాట్లాడింది.

"మత్తు ఇస్తే పదమూడు నిమిషాల్లో బిడ్డ బయటికి వస్తుందమ్మా. తల్లి ముప్పై గంటలు హాయిగా నిద్రపోతుంది. తనకేమీ తెలియదు."

"ఏమీ తెలీకపోవడమే మా కష్టం డాక్టరమ్మా," అన్నాను.

మూడేళ్ళ కిందట వరదకు అలాగే మత్తు ఇచ్చారు. కాగితం మీద సంతకం నాది. ఆడపిల్ల పుట్టింది. పందొమ్మిది గంటలు బతికింది. వరద ముప్పై గంటలకు లేచింది. లేచాక అది అడిగింది ఒక్కటే మాట: "ఏడ్చిందా పెద్దమ్మా?" నేను మందపాటి అద్దం అవతల నిలబడి చూశాను. నోరు తెరవడం చూశాను. ఏడుపు వినలేదు. ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజే లెక్కల పుస్తకం వెనక పేజీలో, బాకీల కింద రాశాను: వరదకు ఏడుపు, ఒకటి. ప్రతి నెలా ఎత్తి రాస్తున్నాను.

ఈసారి అది మెలకువగా కంటానంటోంది. నిబంధనల్లో దానికి చోటుందని వెతికి పట్టుకున్నాను. మెలకువ కాన్పు ఇంట్లోనే జరగాలి. తల్లి మణికట్టుకు కట్టు ఉండాలి. ఒళ్ళు నెమ్మదిగా ఉంటే కట్టు ఆకుపచ్చ, కష్టపడితే పసుపు, తట్టుకోలేకపోతే ఎరుపు. ఎరుపు ఆగకుండా పది నిమిషాలు నిలిస్తే డాక్టరు ముక్కు మీద, నోటి మీద మత్తు మూతి తొడగాలి. ఆ తర్వాత ఎవరి మాటా చెల్లదు.

"ఇరవై రెండేళ్ళలో ఎవరూ పది నిమిషాల్లోపు ఎరుపు దించుకోలేకపోయారు," అంది డాక్టరు. "మీకు పిల్లలు లేరు కదా, ఏ ధైర్యంతో అడుగుతున్నారు?"

"లెక్క రాసే ధైర్యంతో," అన్నాను. "కాగితం ఇయ్యండి. ఈసారి సంతకం ఆ పిల్ల పెడతాది."

వైశాఖం 11

పనులు: రోజూ ఉండేవి. అదనంగా బూబమ్మ జేజిని మూడో వరుస నుంచి చెయ్యి పట్టుకుని తీసుకురావడం 1, తిరిగి దిగబెట్టడం 1.

బూబమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పైన ఉన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి కాన్పులు చేసింది. ఒంటిని సడలించి మనసును లోపలికి దింపే పద్ధతి ఇక్కడ ఆమె ఒక్కతికే తెలుసు.

"నిద్దర పుచ్చడం కాదు బిడ్డా ఇది," అని వరదకు చెప్పింది. "నిద్దర పెట్టేది వాళ్ళు. మనం మెలకువనే లోపలికి తిప్పుతాం. నొప్పి వస్తాది, పోతాది. నువ్వు దానికి అడ్డం పోవు, అంతే."

చేతులు తెరిచి ఉంచాలి. దవడ వదులుగా వేలాడాలి. "దవడ బిగిస్తే కింద కూడా బిగుస్తాది" అంటుంది బూబమ్మ. నాలుగు అంకెలు లోపలికి శ్వాస, ఎనిమిది అంకెలు బయటికి. ఇదంతా వరదకు ఒక్క పూటలో వచ్చింది. చిక్కంతా ఆ తర్వాతే.

"కండ్లు మూసుకో. నది ఒడ్డున కూర్చున్నావు. నీళ్ళు పారతా ఉండాయి, మెల్లగా..."

వరద కళ్ళు తెరిచింది. "నది ఎట్లుంటాదో నేను చూల్లేదు గదా జేజీ. అంత నీళ్ళు ఊరికే పారతా ఉంటే ఎవురూ లెక్క అడగరా?"

బూబమ్మ నా వైపు చూసింది. నేను తొమ్మిదేళ్ళప్పుడు దిగాను, పెన్న నాకు గుర్తుంది. వరద ఈ నాపరాతి గోడల మధ్యే పుట్టింది. వాన అన్నా భయపడింది, పైకప్పు కారినట్టు ఉంటుందట. పచ్చిక అంటే ఏమిటో చెప్పేసరికి బూబమ్మకు ఆయాసం వచ్చింది. కట్టు ఆకుపచ్చకు రానేలేదు.

వైశాఖం 14

పనులు: నీళ్ళు 1. గోడ పిండడం 2. సంకటి 1. బట్టలకు ఆవిరి పట్టడం 9. దారి దొరకడం 1.

పొద్దున పదకొండుకు వరద రాతి అరుగు మీద పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని నిన్నటి లెక్క సరిచూసుకుంటున్నాను. నాకు పైకి చదివితేనే అంకె నిలుస్తుంది.

"తీసుకున్నది అరవై. తాగినది తొమ్మిది. వండినది పదకొండు. కడిగినది ఇరవై. బట్టలకు ఎనిమిది. తిరిగి పంపినది పన్నెండు."

తలెత్తి చూస్తే వరద దవడ వేలాడుతోంది. చేతులు తెరుచుకున్నాయి. మణికట్టు మీద కట్టు లేతాకులా ఆకుపచ్చగా ఉంది. ఆపితే పసుపు, చదివితే ఆకుపచ్చ. మూడుసార్లు ఆపి చూశాను.

సంగతి బూబమ్మకు చెబితే పడీపడీ నవ్వింది. తర్వాత ఆలోచించి, "సరే కదమ్మా," అంది. "పుట్టినప్పటి నుంచి ఈ పిల్ల దినమూ సాయంత్రం ఆ పాటే వినింది. నా నది దానికి లేదు. నీ లెక్కే దాని నది."

ఈ పుస్తకం చదివేవాళ్ళ కాలంలో ఈ ఆచారం ఉంటుందో ఉండదో. ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడలో మాట వినే యంత్రం ఉంది, దాన్ని చెవి అంటాం. సాయంత్రం ఆరుకు ఇంటి పెద్ద దాని ముందు నిలబడి ఆ రోజు నీళ్ళ లెక్క గొంతెత్తి చెప్పాలి. చివర "సరిపోయింది" అనాలి. ఆ మాట వింటేనే తెల్లారి నీళ్ళ కార్యాలయం అరవై లీటర్లు వదులుతుంది. ఆ మాట రాకపోతే మర్నాడు కొళాయి పొడిగా ఉంటుంది. గుసగుసగా చెబితే చెవి ఒప్పుకోదు.

బూబమ్మ చెప్పిన ప్రకారం లోపలికి వెళ్ళడానికి ఒక మాట, బయటికి రావడానికి ఒక మాట కావాలి. రెండూ ఒంటికి ముందే తెలిసిన మాటలైతే మంచిది. నేను ఆలోచించకుండానే పెట్టేశాను. వెళ్ళడానికి "తీసుకున్నది". రావడానికి "సరిపోయింది".

జ్యేష్ఠం 21

పనులు: రోజూ ఉండేవి. తప్పు 1. నాది.

ఐదు వారాలుగా ప్రతి పొద్దున సాధన చేస్తున్నాం. ఆకుపచ్చ గంటకు పైగా నిలుస్తోంది. తొడ మీద పట్టకారుతో గట్టిగా నొక్కినా పసుపు దాటడం లేదు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, దాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఈరోజు సుంకన్న దిగే రోజు కావడంతో పొద్దున వంట ఎక్కువై, సాధన సాయంత్రానికి జరిగింది. వరద బాగా లోపలికి వెళ్ళింది. నేను సగంలో ఉండగా ఆరైంది. పక్కింట్లో లెక్క ముగిసింది. "సరిపోయింది." వరద ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఎదురింటి నుంచి "సరిపోయింది." ఆ పై ఇంటి నుంచి ఇంకొకటి. మా వరుసలో ఇరవై నాలుగు ఇళ్ళు. రాతి గోడలు మాటను మింగవు, ఒకరి గొంతు ఇంకొకరి ఇంట్లో మోగుతుంది. కట్టు ఎర్రబడింది. ఎరుపు దిగడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మాకు ఉన్నది పది.

"నొప్పులు ఆరు గంటలకు వస్తే, పెద్దమ్మా?" అంది వరద.

ఊరు మొత్తం రోజూ ఒకే గడియకు పలికే మాటను నేను ఈ పిల్లను లేపే మాటగా పెట్టాను. సాధన పొద్దున పదకొండుకు చేయడం వల్ల ఇన్నాళ్ళూ తెలియలేదు.

జ్యేష్ఠం 24

మూడు రోజుల్లో చేసినవి: బయటికి వచ్చే మాట మార్చి చూడటం 4 సార్లు. పాత మాట పోలేదు, ఇరవై ఆరేళ్ళుగా ఒంట్లో ఉన్నది మూడు రోజుల్లో పోదు. చెవుల్లో దూది పెట్టడం 1. నా గొంతు కూడా వినపడలేదు, తీసేశాం. గుమ్మానికి బొంతలు కట్టడం 5. మాట బొంతల్లోంచి కూడా వచ్చింది. నీళ్ళ కార్యాలయానికి అర్జీ 1: మా వరుస వరకు ఒక్క రోజు లెక్క గంట ఆలస్యంగా వినమని.

జవాబు ఈ మధ్యాహ్నం వచ్చింది. అలాంటి వెసులుబాటు లేదు. కాన్పు గదిలో మత్తు సదుపాయం ఉచితమని కూడా గుర్తు చేశారు.

ఆ కాగితం వెనక వైపు తెల్లగా ఉంది. దాని మీద ఇరవై మూడు ఇళ్ళ అంకెలు రాసుకున్నాను.

జ్యేష్ఠం 26

వెళ్ళిన ఇళ్ళు 23. ఒప్పుకున్నవి 9. చూద్దామన్నవి 8. కాదన్నవి 6.

నేను అడిగింది ఇది. నొప్పులు మొదలైతే మా గుమ్మానికి ఎర్ర గుడ్డ కడతాను. ఆరు గంటలకు ఆ గుడ్డ కనిపిస్తే ఆ రోజు ఎవరూ లెక్క ముగించవద్దు. మర్నాడు వరుస మొత్తానికి నీళ్ళు రావు. ఇంటికి అరవై చొప్పున ఇరవై మూడు ఇళ్ళకు 1380 లీటర్లు. అది నా బాకీ. నా వాటాలోంచి రోజుకు ఆరు లీటర్లు తిరిగి ఇస్తాను. 230 రోజుల్లో తీరుతుంది. కాగితం రాసి అందరికీ చూపించాను.

పద్నాలుగో ఇంటి రాములమ్మ, "ఆరు గంటలకే కంటాదని ముహూర్తం పెట్టుకున్నారా వదినా?" అంది.

"పెట్టుకోలా. పొద్దున కంటే మీకు నష్టమే లేదు."

"అట్లయితే పొద్దున్నే కనమని చెప్పు మీ పిల్లకు," అని నవ్వి, కాగితం మీద వేలిముద్ర వేసింది.

పదిహేడో ఇంటి ఎల్లప్ప గడప దగ్గరే ఆపేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క సాయంత్రం కూడా తప్పని లెక్క అతనిది. కార్యాలయం వాళ్ళు ఇచ్చిన రాగి బిళ్ళ తలుపు మీద ఉంది.

"మీ ఇంట్లో కాన్పయితే మా ఇంట్లో కొళాయి ఎండాలంటావు," అన్నాడు.

"ఒక్క దినం ఎల్లప్పా."

"అందురూ మత్తులోనే కన్నారు. మా గంగులమ్మ కన్లేదా ముగ్గుర్ని? ఏమైంది?"

లోపలి నుంచి గంగులమ్మ గొంతు వినిపించింది. "ఏమీ కాలా. ముగ్గురూ పుట్టినారని నాకు వేరేవాళ్ళు చెప్పినారు, అంతే."

ఎల్లప్ప తలుపు వేసుకున్నాడు. కాదన్న ఆరింట్లో అతన్నీ రాసుకున్నాను. ఒక్క గొంతు చాలు, మొత్తం చెడటానికి.

ఇంటికి వచ్చి వరదకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మత్తుకు ఒప్పుకున్నా నాకేం కోపం లేదన్నాను.

"నీకు బాకీ తీర్చే పని లేదేమో," అంది, "నాకు మాత్రం వినే పని ఉండాది."

ఆషాఢం 3

నిన్నటి పనులు ఈ పొద్దున రాస్తున్నాను. నీళ్ళు పట్టడం 1. రొట్టెలు 0. కాన్పు 1.

నొప్పులు నిన్న పొద్దున పదీ నలభైకి మొదలయ్యాయి. గుడ్డ కట్టాను. సుంకన్న అప్పటికే పనికి పైకి వెళ్ళిపోయాడు. బూబమ్మను తెచ్చాను. డాక్టర్ శశిరేఖ మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి గుమ్మం లోపల పీట వేసుకుని కూర్చుంది. మత్తు మూతి ఆమె ఒడిలోనే ఉంది.

నేను లెక్క చదవడం మొదలుపెట్టాను. ఒక రోజు లెక్క అయ్యాక ఇంకో రోజుది, పాత పుస్తకాల్లోంచి. వరద లోపలికి వెళ్ళింది. నొప్పి వచ్చినప్పుడల్లా కట్టు పసుపుకు వెళ్ళి తిరిగి వచ్చేది. మూడున్నరకు ఎరుపు, నాలుగు నిమిషాలు. ఐదుకు ఇంకోసారి, ఆరు నిమిషాలు. బూబమ్మ దాని గడ్డం కింద వేలు పెట్టి "దవడ" అన్నది, అంతే, దిగిపోయింది. డాక్టరు గడియారం చూసుకుంటూ ఏదో రాసుకుంది. నేనూ రాసుకున్నాను. మా ఇద్దరి అంకెలూ కలిశాయి.

ఆరుకు ఐదు నిమిషాలు ఉన్నప్పుడు బిడ్డ తల ఇంకా దిగలేదు. ఆరైంది, గోడ చెవిలో గంట మోగింది. నేను చదువుతూనే ఉన్నాను. వరుసలో ఏ గొంతూ లేదు. నలభై మూడేళ్ళలో ఆరు గంటలకు ఆ నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు.

అప్పుడు పదిహేడో ఇంటి నుంచి ఎల్లప్ప గొంతు వచ్చింది.

"తీసుకున్నది అరవై."

చదువుతున్న అంకె దగ్గరే ఆపేశాను. బూబమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అతను తాపీగా ఒక్కొక్కటే చెబుతున్నాడు. తాగినది పది. వండినది పన్నెండు. కడిగినది పదిహేడు. బట్టలకు ఎనిమిది. డాక్టరు మూతిని చేతిలోకి తీసుకుంది. "తిరిగి పంపినది పదమూడు," అన్నాడు ఎల్లప్ప. ఇక మిగిలింది ఒక్క మాటే.

అతను దగ్గాడు. దగ్గి, "తీసుకున్నది అరవై," అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి. చివరి దాకా వచ్చి మళ్ళీ మొదటికి. రెండోసారికి రాములమ్మ కలిసింది, తన ఇంటి అంకెలతో. తర్వాత ఎదురిల్లు. తర్వాత ఎవరెవరో గుర్తుపట్టలేకపోయాను. ఇరవై నాలుగు ఇళ్ళ లెక్క ఒకదాని మీద ఒకటి పడుతూ రాతి మీద తేనెటీగల్లా మోగింది. ఎవరూ ముగించలేదు. గోడ చెవి "లెక్క ముగించండి, లెక్క ముగించండి" అంటూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. లోపలికి దింపే మాట దినమంతా నేనొక్కదాన్నే అంటున్నాను. ఇప్పుడు వరుస అంటోంది.

కట్టు ఆకుపచ్చకు వచ్చింది. డాక్టర్ శశిరేఖ దాన్ని చేత్తో తట్టి చూసింది, పాడైందేమోనని. తర్వాత మూతిని నేల మీద పెట్టి చేతులు కడుక్కుంది. రెండు లీటర్లు. రాసుకున్నాను.

ఆరూ యాభైకి ఎరుపు వచ్చి ఎనిమిది నిమిషాలు నిలిచింది. వరద నా మణికట్టు పట్టుకుంది, గాజు చిట్లింది. డాక్టరు కింద ఉన్న మూతి వైపు చూసింది, కానీ చెయ్యి చాపలేదు. "ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి," అని ఆమే అన్నది. "చదవండి, ఆపొద్దు." నేను మూడేళ్ళ కిందటి పుస్తకం తీశాను. ఆ పాప పుట్టిన నాటి లెక్క చదివాను. ఎందుకో చెప్పలేను. చేతికి అదే వచ్చింది. తొమ్మిదో నిమిషంలో కట్టు పసుపుకు దిగింది.

ఏడూ పన్నెండుకు మగపిల్లవాడు పుట్టాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత ఏడ్చాడు. వరుసలో లెక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకరు తాగిన దగ్గర, ఒకరు వండిన దగ్గర. వాడి ఏడుపు ఒక్కటే రాతి మీద ఆ చివర దాకా పోయి తిరిగి వచ్చింది. ఆ మాట ఎవరూ అనలేదు. అనకుండానే వరద కళ్ళు తెరిచింది.

"ఏడుస్తాండాడు పెద్దమ్మా."

"ఏడుస్తాండాడు."

బూబమ్మ పాలకు పెట్టబోయింది. వరద ఆమె చేతిని ఆపింది. "ఉండు జేజీ. ఇంకొంచెంసేపు ఏడ్చనీ."

నాలుగు నిమిషాలు. డాక్టరు కూడా రాసుకుంది.

ఈరోజు కొళాయి పొడిగా ఉంది. ఇరవై నాలుగు ఇళ్ళలోనూ. పొద్దున్నే రాములమ్మ ఒక గ్లాసుతో వచ్చింది, గోడ చెమ్మ పిండినది, పసివాడికి స్నానం చేయించమని. ఆమె వెనక ఇంకొకరు. మొత్తం పంతొమ్మిది గ్లాసులు. పిల్లవాడికి పోయగా మాకు తాగడానికి కూడా మిగిలాయి.

ఎల్లప్ప ఆఖరున వచ్చాడు. గ్లాసు అరుగు మీద పెట్టి పిల్లవాడి వైపు చూడకుండా గోడ వైపు చూశాడు.

"నీ కోసమని అనుకోవద్దక్కా," అన్నాడు. "నిన్న నాకు లెక్క కుదర్లేదు. అందుకే మళ్ళీ మళ్ళీ చెప్పినా."

"ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి కుదర్లేదా?"

"మొదటిసారే. మా గంగులమ్మ ఎదురుగా నిలబడి చూస్తాండె. అంకె తప్పిపోతాది కదా."

అతని తలుపు మీద రాగి బిళ్ళ లేదు. కార్యాలయం వాళ్ళు ఇంకా రాలేదు కాబట్టి వాళ్ళు తీసింది కాదు.

ఆషాఢం 4

పనులు: నీళ్ళు పట్టడం 1 (వచ్చాయి). గోడ పిండడం 2. రొట్టెలు 16. పిల్లవాడి గుడ్డలు ఉతకడం 11. నీళ్ళ కార్యాలయానికి జవాబు రాయడం 1.

వాళ్ళ నోటీసు ఇరవై నాలుగు ఇళ్ళకూ వచ్చింది. లెక్క ముగించనందుకు కారణం రాయాలని. కారణం రాయడానికి ఒకే గీత ఇచ్చారు. నేను ఇలా రాశాను: ఒక బిడ్డ ఏడుపు వింటున్నాం, తీరిక లేదు. అందరూ నా దగ్గర చూసి రాసుకున్నారు. ఎల్లప్ప తప్పుల్లేకుండా రెండుసార్లు రాశాడు.

డాక్టర్ శశిరేఖ కట్టు విప్పడానికి వచ్చింది. ఆరో వరుసలో ఇద్దరు మెలకువగా కంటామని అడిగారని, వాళ్ళకు సాధన చేయిస్తారా అని అడిగింది. చేయిస్తానన్నాను. బయటికి వచ్చే మాట ఈసారి ఎవరూ వాడనిది వెతకాలి.

ఆరు గంటల లెక్క ఈరోజు వరద చెప్పింది, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని. "సరిపోయింది" అన్నప్పుడు వాడు కళ్ళు తెరిచాడు.

బాకీలు:

వరుసకు నీళ్ళు, 1380. ఈరోజు రాములమ్మకు 6. మిగిలినది 1374.

బూబమ్మకు ఒక నది. ఎలా తీర్చాలో తెలియదు. ఎత్తి రాస్తున్నాను.

వరదకు ఏడుపు, ఒకటి. మూడేళ్ళ నాటిది. ఆషాఢం 2, సాయంత్రం ఏడూ పన్నెండుకు, నాలుగు నిమిషాలు. తీరింది.